ఫైలు శుభ్రంగా ఉంది, మరి ఏ పుస్తకంలోంచి వచ్చింది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. చూపులేని పాఠకుల కోసం నడిచే గ్రంథాలయంలో స్కాన్ పుస్తకాలు సరిచూసే పనికి కొత్తగా చేరారు. 340 పేజీల నవల ఒకటి వర్డ్ ఫైలుగా వచ్చింది. పంపినాయన "నేనే స్కాన్ చేశాను" అని రాశారు. తీరా చూస్తే పేజీ నంబర్లు లేవు, తప్పులు దాదాపు లేవు, విషయసూచికలో అధ్యాయం పేరు నొక్కితే నేరుగా ఆ అధ్యాయానికి వెళ్తోంది. ఇది స్కానేనా అని మీ అనుమానం. అడిగితే నొచ్చుకుంటారేమోనని సంకోచం. పైగా "ఎలాగూ చూపులేనివాళ్లకే కదా, ఎక్కడినుంచి వస్తే ఏం?" అని తోటివాళ్లు అన్న మాట మిమ్మల్ని ఆలోచనలో పడేసింది.

ఆ చివరి మాటతోనే మొదలుపెడతాను. దానికి జవాబు కుదిరితే మిగతా పనంతా ఎందుకు చేస్తున్నామో తెలుస్తుంది.

మనం రచయితనో ప్రచురణకర్తనో అడక్కుండానే పుస్తకాన్ని అందుబాటు రూపంలోకి మార్చగలుగుతున్నామంటే, చట్టం మనకు ప్రత్యేకంగా ఒక వెసులుబాటు ఇచ్చింది కాబట్టి. అమెరికా కాపీరైట్ చట్టంలో అది 1996లో ఛేఫీ సవరణగా వచ్చింది. భారత కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో 52(1)(జెడ్‌బీ) సెక్షన్‌గా చేరింది. దేశాల మధ్య పుస్తకాలు ఇచ్చిపుచ్చుకోవడానికి 2013లో మరకేష్ ఒప్పందం కుదిరి, 2016 సెప్టెంబర్ 30 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ ఒప్పందంలోని నాలుగో అధికరణం చూడండి. మనలాంటి సంస్థలకు పెట్టిన షరతుల్లో మొట్టమొదటిది, ఆ రచన గానీ దాని ప్రతి గానీ మనకు చట్టబద్ధంగా అందుబాటులో ఉండాలని. చదివేవారు అర్హులై ఉండాలన్నది వేరే షరతు. రెండోది నెరవేరింది కదా అని మొదటిది కొట్టుకుపోదు. "చూపులేనివాళ్లకే కదా" అనే మాట సరిగ్గా ఇక్కడే పొరపడుతోంది.

చట్టం సంగతి అలా ఉంచండి. నాకు అంతకంటే పెద్ద కారణం మన పాఠకుడే. చూపున్న పాఠకుడికి ఒక వాక్యం మీద అనుమానం వస్తే అచ్చు పుస్తకం తీసి చూసుకుంటాడు. మన పాఠకుడికి మనమిచ్చే ఫైలే పుస్తకం. ఎవరో ఎక్కడో ఒక అధ్యాయం కుదించి, రెండు ముద్రణలు కలిపి, చివరి పది పేజీలు పోగొట్టి ఇంటర్నెట్లో వదిలిన ఫైలును మనం మన పేరు మీద ఇస్తే, ఆ సంగతి ఆయనకు ఎప్పటికీ తెలియకపోవచ్చు. రచయిత అలాగే రాశాడనుకుంటాడు. ఫైలు మూలం సరిచూడడం అంటే ఇదే: ఈ ఫైలు ఫలానా ముద్రణకు చెందిన ఫలానా ప్రతిలోంచి వచ్చిందని చెప్పగలగడం. దొంగను పట్టుకోవడం మన పని కాదు. ఈ తేడా మనసులో ఉంటే మీరు రాసే ఉత్తరంలో స్వరమే మారిపోతుంది.

ఇక ఫైలును ఎలా చదవాలో చూద్దాం. నేను మొదట చూసేది తప్పుల్ని. ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఎలాంటివి ఉన్నాయన్నది ముఖ్యం. తెలుగు పుస్తకాల్లో ఇది చాలా బాగా పట్టిస్తుంది. స్కాన్ చేసి ఓసీఆర్‌తో, అంటే బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌తో, తీసిన పాఠంలో కంటికి ఒకేలా కనిపించే అక్షరాలు తారుమారవుతాయి. 'మనిషి' కాస్తా 'వునిషి' అవుతుంది, 'పని' 'వని' అవుతుంది, 'ప' 'ష'గా మారుతుంది, 'బ'కు లేని ఒత్తు వచ్చి 'భ' అవుతుంది, సున్న ఉండాల్సిన చోట అంకె సున్నా కూర్చుంటుంది. కాగితం మీది మచ్చ చుక్కగా మారి వాక్యం మధ్యలో దిగుతుంది. చేత్తో టైపు చేసిన పాఠంలో తప్పులు చెవికి ఒకేలా వినిపించేవి: 'వేళ'కు 'వేల', 'ప్రాణం'కు 'ప్రానం', 'శ్రద్ధ'కు 'శ్రద్ద'. టైపు చేసేవాళ్లు మాటను లోలోపల పలుకుతూ కొడతారు కాబట్టి తప్పు కూడా పలుకుబడిలోంచే వస్తుంది. ఇక పాత డీటీపీ ఫాంట్లలో ఉన్న పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చినప్పుడు వచ్చే తప్పులు ఈ రెండింటిలాగా ఉండవు. ఒత్తు పక్క అక్షరానికి అంటుకుంటుంది, మాట మధ్యలో ఇంగ్లీషు అక్షరమో డిగ్రీ గుర్తో మిగిలిపోతుంది, అదే తప్పు పుస్తకమంతా అదే మాటలో ఒక్కటి కూడా తప్పకుండా వస్తుంది. అలాంటి ఫైలు అచ్చు పుస్తకంలోంచి కాదు, పుస్తకాన్ని పేజీల్లో అమర్చిన కంప్యూటర్లోంచి వచ్చిందని అర్థం. రచయితే ఇచ్చి ఉండొచ్చు, అప్పుడు అనుమతి పత్రం అడగాలి. 'కథ', 'కధ' జంటను మాత్రం సాక్ష్యంగా తీసుకోకండి. అది కంటి తప్పుగానూ వస్తుంది, చెవి తప్పుగానూ వస్తుంది.

ఈ విషయంలో నేను ఒకసారి ఒకరిని బాధపెట్టాను, మీకు ఆ పొరపాటు జరగకూడదని చెబుతున్నాను. చాలా ఏళ్ల కిందట ఒకావిడ పంపిన వ్యాసాల పుస్తకంలో స్కాన్ ఛాయలు ఒక్కటీ కనబడలేదు. 'మ', 'వు' ఎక్కడా తారుమారు కాలేదు, పేజీ పైన వచ్చే పుస్తకం పేరు పాఠంలో ఎక్కడా ఇరుక్కోలేదు. ఇది స్కాన్ కాదని తేల్చాను, అది నిజమే. కాబట్టి ఇంటర్నెట్ నుంచి తీసుకున్నదని అనుకుని, మరో మాట అడక్కుండా వెనక్కి పంపేశాను. అక్కడ తప్పాను. పది రోజుల తర్వాత ఆవిడ నాలుగు ఫోటోలు పంపారు. ఒకదాంట్లో పుస్తకం, మిగతా మూడింటిలో రూళ్ల నోటుబుక్కు. అందులో 1 నుంచి 212 దాకా పేజీ నంబర్లు వరసగా రాసి, ఒక్కో నంబరు పక్కన టైపు చేసిన తేదీ వేసి టిక్కు పెట్టుకున్నారు. చూపులేని తన తమ్ముడి కోసం పుస్తకం మొత్తం చేత్తో కొట్టారు. ఫైల్లో 'ళ' బదులు 'ల', 'ణ' బదులు 'న' ఎన్నో చోట్ల ఉన్నాయి. నేను చూసే ఉంటాను, వాటిని చదవలేదు. సొంత ప్రతి చూసి టైపు చేయడం స్కాన్ చేయడమంత సక్రమమైన దారే. "స్కాన్ కాదు" అన్నదానికీ "సరైన చోటినుంచి రాలేదు" అన్నదానికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని ఊహతో దాటకూడదు, అడిగి దాటాలి.

తప్పులు లేకపోవడం కూడా ఈ రోజుల్లో ఏమీ రుజువు చేయదు. ఓపికగా దిద్దేవాళ్లు నెలల తరబడి కూర్చుని దిద్ది పంపుతారు. కొత్తగా కృత్రిమ మేధతో అక్షరాలు గుర్తించే పద్ధతులు వచ్చాక ఇంకో చిక్కు మొదలైంది. మసకగా ఉన్న చోట పాత ఓసీఆర్ చెత్త అక్షరాలు ఇచ్చేది, అక్కడ ఏదో పోయిందని మనకు తెలిసేది. ఇవి మసక ఉన్న చోట నున్నటి వాక్యం అల్లి పెట్టగలవు. అచ్చులో లేని వాక్యం, వ్యాకరణం చక్కగా ఉన్న వాక్యం. అందుకే పేజీల బొమ్మలు లేకుండా వచ్చిన అతి శుభ్రమైన పాఠాన్ని ఇప్పుడు నేను అంత తేలిగ్గా నమ్మను. పంపినవాళ్ల మీద అపనమ్మకంతో కాదు, వాళ్లు వాడిన సాధనం వాళ్లకే తెలియకుండా ఏం చేసిందోనన్న భయంతో.

తర్వాత చూడాల్సింది పోయిన పేజీలు. కొత్తవాళ్లు వీటిని లోపంగా మాత్రమే చూస్తారు, నాకు ఇవి ఆనవాళ్లు. మన పుస్తకాల్లో కుడివైపు బేసి సంఖ్య, ఎడమవైపు సరి సంఖ్య ఉంటుంది. పుస్తకం తెరిచి అద్దం మీద బోర్లించి, ఎదురెదురు పేజీలు రెండూ కలిపి స్కాన్ చేసేవాళ్లు పొరపాటున రెండు ఆకులు ఒకేసారి తిప్పేస్తే 112, 113 తర్వాత నేరుగా 116, 117 వస్తాయి. అంటే పోయిన జంట 114, 115: సరి, బేసి. అదే పుస్తకం వెన్ను కోసి విడి ఆకులుగా యంత్రంలో పెట్టినప్పుడు ఒక ఆకు కట్టలోంచి జారిపోతే దాని ముందువెనకలు రెండూ పోతాయి. అప్పుడు పోయిన జంట 113, 114: బేసి, సరి. పుస్తకంలో ఆకు చిరిగిపోయినా ఇదే జంట పోతుంది. "నేను పుస్తకం కోయకుండా అద్దం మీద పెట్టి స్కాన్ చేశాను" అన్నవారి ఫైల్లో మూడు చోట్ల బేసి, సరి జంటలు పోయి ఉంటే, వారు చెప్పిన దానికీ ఫైలుకూ పొంతన లేదు. పాత ప్రతిలో ఆకులు చిరిగి ఉండొచ్చు, అందుకే ముందు అడగండి. ఒక పేజీ మాత్రమే పోతే అది సాధారణంగా దిద్దేటప్పుడు చెరిగిపోయినది.

అమ్మకానికి తయారైన ఈ-బుక్ నుంచి వచ్చిన పాఠానికి గుర్తులు వేరు. పేజీ నంబర్లు అసలే ఉండవు. విషయసూచిక, అధోసూచికలు లింకులుగా ఉంటాయి. వరస చివర మాటను ఎక్కడ విరవొచ్చో చెప్పే, కంటికి కనిపించని సాఫ్ట్ హైఫన్లు మాటల లోపల దాక్కుని ఉంటాయి, వీటివల్ల తెర మీది పాఠాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ మాటను ముక్కలు చేసి చదవొచ్చు కూడా. అట్ట బొమ్మ సరిగ్గా 1600 వెడల్పు, 2560 ఎత్తు పిక్సెళ్లు ఉంటే అది స్కానర్ నుంచి రాలేదని దాదాపు చెప్పొచ్చు, అమెజాన్ కిండిల్ ప్రచురణకు సిఫారసు చేసే కొలత అది. పీడీఎఫ్ అయితే దాని లక్షణాల్లో తయారు చేసిన సాఫ్ట్‌వేర్ పేరు చూడండి. ఫైన్‌రీడర్ అని ఉంటే ఓసీఆర్ దారి, ఇన్‌డిజైన్ అని ఉంటే ప్రచురణకర్త దారి, కాలిబర్ అని ఉంటే ఈ-బుక్ మార్పిడి దారి. అయితే తాను స్వయంగా స్కాన్ చేసినదాన్ని కూడా కాలిబర్‌లో మార్చుకునేవాళ్లున్నారు. కాబట్టి ఇదొక్కటీ చూసి తీర్పు చెప్పకండి.

పబ్లిక్ సేకరణల నుంచి దించిన ఫైళ్లు తమ ముద్ర తామే మోస్తాయి. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ పాఠాల్లో మొదట్లో, చివర్లో లైసెన్సు వాక్యాలుంటాయి. అవి తీసేసినా వాలు అక్షరాల మాటలకు అటూ ఇటూ అండర్‌స్కోర్ గీతలు మిగులుతాయి. గూగుల్ స్కాన్లలో పేజీ అడుగున గూగుల్ పేరుతో ముద్ర కనిపిస్తుంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి వచ్చిన పీడీఎఫ్‌లలో బార్‌కోడ్, శీర్షిక, రచయిత పేరు, భాష వరసగా వేసిన పేజీ ఒకటి మొదట్లో తరచుగా ఉంటుంది. ఇవి కనబడగానే తోసిపుచ్చనక్కర్లేదు. కాపీరైట్ గడువు తీరిన పుస్తకమైతే ఎక్కడినుంచి తీసుకున్నామో రాసుకుని వాడుకోవచ్చు. గడువు తీరిందా లేదా అన్నదే తేల్చాలి. భారతదేశంలో రచయిత మరణించాక 60 ఏళ్లు, చాలా దేశాల్లో 70. అనువాదానికి దాని గడువు దానిదే. మూల రచయిత పోయి నూరేళ్లయినా, అనువాదకుడు నిన్నమొన్నటివాడైతే ఆ తెలుగు పాఠం ఇంకా కాపీరైట్ కిందే ఉంటుంది. కొత్తగా చేర్చిన ముందుమాట, పాదసూచికల సంగతీ అంతే. ఈ పనిలో నేను చూసిన పొరపాట్లలో ఎక్కువ భాగం అనువాదాల దగ్గరే జరిగాయి.

ఫైల్లో ఎన్ని ఆనవాళ్లు చూసినా చివరికి నాకు ధైర్యం ఇచ్చేవి పుస్తకంలోని రెండు పేజీలే: శీర్షిక పేజీ, దాని వెనక ముద్రణ వివరాలుండే పేజీ. కాపీరైట్ తేల్చడానికి గుటెన్‌బర్గ్ వాళ్లు అడిగేవి కూడా ఈ రెండింటి బొమ్మలే. స్కాన్ చేసేవాళ్లు చాలామంది "ఇందులో కథ లేదు కదా" అని ఈ రెండూ వదిలేస్తారు, కాబట్టి అవి లేకపోవడం నేరం కాదు, అడిగి తెప్పించుకోవాలి. వచ్చాక ప్రచురణ సంవత్సరం, ఎన్నో ముద్రణ, ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు నంబరు) చూడండి. కొన్ని పుస్తకాల్లో 10 నుంచి 1 దాకా అంకెల వరస ఒకటి ఉంటుంది. అందులో మిగిలిన అతి చిన్న అంకె ఎన్నో ముద్రణో చెబుతుంది.

ఐఎస్‌బీఎన్‌ను ఊరికే రాసుకోకండి, లెక్క కట్టండి. 2007 జనవరి 1 నుంచి అది 13 అంకెలు, అంతకుముందు 10. పదమూడు అంకెలదైతే మొదటి అంకెను 1తో, రెండోదాన్ని 3తో, మళ్లీ 1తో, 3తో, ఇలా చివరిదాకా గుణించి కూడితే మొత్తం 10తో నిశ్శేషంగా భాగించబడాలి. ఉదాహరణకు 978-0-306-40615-7 తీసుకుంటే మొత్తం 100 వస్తుంది, సరిపోయింది. సరిపోకపోతే ఎక్కడో ఒక అంకె తప్పు పడింది. 1998 ముద్రణ అని చెబుతూ లోపలి పేజీలో 13 అంకెల నంబరు ఉంటే, అది తర్వాతి ముద్రణన్నా కావాలి, లేదా ఆ వివరాలు పుస్తకం చూసి కాక ఏదో వెబ్‌సైటు చూసి నింపినవి కావాలి. (వెనక అట్ట మీది బార్‌కోడ్‌లో 978 అంతకుముందు కూడా ఉండేది. నేను చెప్పేది లోపలి పేజీ గురించి.) గట్టి అట్ట, మెత్తటి అట్ట, ఈ-బుక్ మూడింటికీ వేర్వేరు నంబర్లుంటాయి కాబట్టి నంబరును బట్టి ఏ రూపంలోంచి వచ్చిందో కూడా ఒక్కోసారి తెలిసిపోతుంది.

వీటికి తోడు మధ్యలోంచి ఒక పేజీ ఫోటో అడుగుతాను. ఆ పేజీ నేనే ఎంచుకుంటాను, ఫైల్లో ఏదో ఒక విశేషం ఉన్న చోటు: పద్యం, పట్టిక, లేదా తేడాగా కనిపించిన వాక్యం. ఫోటో రాగానే వాక్యాలు అక్షరం అక్షరం పోల్చి చూస్తాను. పుస్తకం చేతిలో ఉన్నవారికి ఇది నిమిషం పని. స్కాన్ చేసి పుస్తకం గ్రంథాలయానికి తిరిగి ఇచ్చేశామంటారు కొందరు, అది పూర్తిగా న్యాయమైన మాట. అప్పుడు స్కాన్ చేసిన పేజీల బొమ్మలు అడగండి. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కల చొప్పున) తీసిన బొమ్మల్లో వెన్ను దగ్గరి నీడ, కాస్త ఒరిగిన వరసలు, ఎక్కడో ఒక వేలు, గ్రంథాలయం ముద్ర కనబడతాయి. వాటిని మించిన సాక్ష్యం లేదు. పంపినవారికి చూపు లేకపోతే ఫోటోలు తీయమని ఒత్తిడి చేయకండి. స్కానర్ ఇచ్చిన అసలు ఫైళ్లు ఉన్నవి ఉన్నట్టు పంపమంటే చాలు. మనకు మంచి స్కాన్లు పంపేవాళ్లలో చూపులేనివాళ్లు చాలామందే ఉన్నారు. పుస్తకాల కరువు ఏమిటో అనుభవించినవాళ్లు వాళ్లే.

అడిగే తీరు గురించి. "మీరు నిజంగా స్కాన్ చేశారా?" అని అడగకండి. దానికి అవును, కాదు తప్ప జవాబు లేదు, ఆ రెండింటితోనూ మనకు పని జరగదు. జరిగిన పని చెప్పమనండి: ఏ ప్రతి, ఎక్కడిది, ఎలా తీశారు, దేంతో దిద్దారు. నిజంగా స్కాన్ చేసినవారు సంతోషంగా చెబుతారు. ఫలానా అధ్యాయంలో అచ్చు ఎంత మసకగా ఉందో, ఏ పేజీ రెండుసార్లు తీయాల్సి వచ్చిందో అడక్కుండానే రాస్తారు. ఎవరో వాట్సాప్‌లో పంపింది ఇచ్చినవారు కూడా మెత్తగా అడిగితే చాలామంది ఉన్నమాట చెప్పేస్తారు. వాళ్లకు అందులో తప్పుందని తెలియదు, పుస్తకం పదిమందికి చేరాలనే పంపారు.

ఆ జవాబు వచ్చాక ఏం చేయాలి? కొన్న ఈ-బుక్ అయితే సక్రమమైన ప్రతి ఉన్నట్టే, కానీ కాపీ చేయకుండా దానికి వేసిన డిజిటల్ తాళం తీయవచ్చా లేదా అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. అది గ్రంథాలయం నిర్ణయించాల్సింది, పంపినవారి మీద గానీ మీ మీద గానీ పడకూడదు. పైవారికి అప్పగించండి, ప్రచురణకర్తనే ఫైలు అడిగే దారి కూడా ఉంటుంది. ఎక్కడిదో తెలియని ఫైలైతే దాన్ని దిద్దుతూ కూర్చోకండి. ఎంత దిద్దినా దాని మూలం మారదు. పుస్తకం సంపాదించి మళ్లీ స్కాన్ చేయించండి. 340 పేజీలంటే రెండేసి పేజీల చొప్పున 170 సార్లు. ఒక్కోటి 20 సెకన్లు పట్టినా గంట లోపు పని. పాఠకుడికి పుస్తకం ఎలాగూ అందుతుంది, పంపినవారికి కూడా వారి సూచన వృథా కాలేదని చెప్పొచ్చు.

తేలిన ప్రతి విషయం అప్పుడే రాసి పెట్టండి: ముద్రణ, సంవత్సరం, ఐఎస్‌బీఎన్, మొత్తం పేజీలు, ప్రతి సొంతమా, గ్రంథాలయానిదా, ఎలా మార్చారు, ఏ పేజీలు తర్వాత తెప్పించారు. మరకేష్ ఒప్పందం మనలాంటి సంస్థల నుంచి ఆశించే వాటిలో ప్రతుల విషయంలో తగిన జాగ్రత్త, రికార్డులు రెండూ ఉన్నాయి. పంపినవారి వ్యక్తిగత వివరాలు మాత్రం అవసరానికి మించి ఒక్క ముక్క కూడా రాయొద్దు.

ఇక మీ చేతిలో ఉన్న ఫైలు. లింకులున్న విషయసూచిక, పేజీ నంబర్లు లేకపోవడం, శుభ్రమైన పాఠం మూడూ కలిసి ఈ-బుక్ వైపే చూపిస్తున్నాయి. అయితే వర్డ్‌లో శీర్షికలు సరిగా పెడితే లింకుల సూచిక దానంతటదే తయారవుతుంది, పేజీ నంబర్లను దిద్దేటప్పుడు పనిగట్టుకుని తీసేసేవాళ్లూ ఉన్నారు. ముందు సాఫ్ట్ హైఫన్ల కోసం వెతకండి, అట్ట బొమ్మ కొలత చూడండి. అవి ఎలా తేలినా ఫైలును వెనక్కి పంపకుండా సరిచూసే వరసలోనే ఉంచి, ఈ నాలుగు వాక్యాలు పంపండి:

"నమస్కారమండీ. మీరు పంపిన నవల అందింది, పాఠం చాలా శుభ్రంగా ఉంది. మా రికార్డు కోసం శీర్షిక పేజీ, దాని వెనక పేజీ, ఇంకా ఏడో అధ్యాయం మొదలయ్యే పేజీ ఫోటోలు గానీ స్కాన్లు గానీ పంపగలరా? మీ దగ్గరున్న ప్రతి ఏ రూపంలోదో, దాన్ని ఫైలుగా ఎలా మార్చారో రెండు మాటలు రాస్తే పేజీ నంబర్లు ఎలా చేర్చాలో మేం చూసుకుంటాం."